గార్బేజ్ కలెక్టర్‌కి కనపడని అడ్రసు

తెనాలి అన్న పేరు కాగితం మీద మూడక్షరాలు. కంప్యూటర్ మెమరీలో మాత్రం 18 బైట్లు. త, ఎత్వం, న, దీర్ఘం, ల, గుడి అంటూ యూనికోడ్ ఆరు గుర్తులుగా లెక్కపెడుతుంది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకి మూడు బైట్లు పడతాయి. పేరు ఇక్కడితో అయిపోయిందని చెప్పే సున్నా బైటుతో కలిపి 19. సీ భాషలో ఈ పేరు దాచాలంటే మాలక్ అనే ఫంక్షన్‌ని పిలిచి 19 బైట్లు అడగాలి. అది ఖాళీగా ఉన్న చోటొకటి వెతికి, ఆ చోటు ఎక్కడ మొదలవుతుందో చెప్పే అంకె మనకిస్తుంది. ఆ అంకే అడ్రసు. అడ్రసుని దాచుకున్న వేరియబుల్‌ని పాయింటర్ అంటాం.

పేరుతో పని అయిపోయింది, ఫ్రీ అనే ఫంక్షన్‌ని పిలిచి చోటు వెనక్కి ఇచ్చేశాం. తర్వాత బాపట్ల అన్న పేరు దాచాల్సి వచ్చింది. బ, దీర్ఘం, ప, ట, పొల్లు, ల. ఇవీ ఆరే, మళ్లీ 19 బైట్లే. లినక్స్ మీద మామూలుగా మాలక్ ఇప్పుడే ఖాళీ అయిన ఆ చోటునే తిరిగి ఇస్తుంది. రేపల్లె అయితే ఏడు గుర్తులు, 22 బైట్లు. 64 బిట్ లినక్స్‌లో మాలక్ ఎంత చిన్న చోటు అడిగినా 24 బైట్లకు తగ్గకుండా కేటాయిస్తుంది కాబట్టి అదీ అక్కడే పడుతుంది. ఇంతలో మొదటి పాయింటర్ ఎక్కడికీ పోలేదు. దానిలోని అంకె అలాగే ఉంది. అది చూపించే చోటులోని పేరుని ప్రింట్ చేస్తే తెనాలి రావలసిన చోట బాపట్ల వస్తుంది. ప్రోగ్రాం ఆగదు, ఎర్రరూ రాదు.

ఊరి పేరు మారితే చూసి దిద్దుకుంటాం. ఆ చోట పాస్‌వర్డ్ ఉంటే? తర్వాత ఏ ఫంక్షన్‌కి వెళ్లాలో చెప్పే అడ్రసే ఉంటే? దాడి చేసేవాడు ఖాళీ అయిన చోటులో తనకి కావలసిన బైట్లు పడేలా చూసుకుంటాడు, పాత పాయింటర్ వాటిని నమ్మి నడుస్తుంది. క్రోమ్ బ్రౌజర్‌ని తయారుచేసేవారు 2020లో తమ తీవ్రమైన భద్రతా లోపాలన్నీ ముందేసుకుని చూస్తే, సుమారు 70 శాతం మెమరీని తప్పుగా వాడటం వల్ల వచ్చినవే. వాటిలో దాదాపు సగం ఇలా వెనక్కి ఇచ్చేసిన చోటుని మళ్లీ ముట్టుకోవడం వల్ల వచ్చినవి. అంతకు ముందు ఏడాది మైక్రోసాఫ్ట్ కూడా తన ఉత్పత్తుల గురించి ఇదే 70 శాతం లెక్క చెప్పింది. ఆ కోడు రాసింది కొత్తగా నేర్చుకుంటున్నవారు కాదు, ఏళ్ల తరబడి అదే పనిలో ఉన్నవారు. ఎవరెంత జాగ్రత్తపరులైనా, లక్షల లైన్లలో ఏ చోటు ఎప్పుడు ఎవరు వదిలేశారో మనిషి బుర్ర గుర్తుపెట్టుకోలేదు.

బాపట్ల ఇంజినీరింగ్ కాలేజీలోనైనా, వడ్లమూడి విజ్ఞాన్‌లోనైనా, నూజివీడు ట్రిపుల్ ఐటీలోనైనా కంప్యూటర్ పిల్లలు మొదట్లో సీ ల్యాబు చేస్తారు, పాయింటర్ల దగ్గర ఇబ్బంది పడతారు, జావాకో పైథాన్‌కో రాగానే ఊపిరి పీల్చుకుంటారు. వైవాలో అడిగితే “జావాలో పాయింటర్లు ఉండవు సార్, గార్బేజ్ కలెక్టర్ ఉంటుంది” అని ఠక్కున చెబుతారు. ఈ జవాబుని సరిదిద్దకుండా వదిలేయకూడదని నా గట్టి అభిప్రాయం. జావాలో ప్రతి ఆబ్జెక్టుకీ ఒక అడ్రసుంది, దాన్ని ఏదో ఒక వేరియబుల్ పట్టుకునే ఉంది. మారిందల్లా చోటు ఖాళీ చేసే బాధ్యత. అది మన చేతుల్లోంచి వేరొకరి చేతుల్లోకి వెళ్లింది. ఆ వేరొకరు పని ఎలా చేస్తారో తెలియకపోతే వాళ్లకి ఎక్కడ అడ్డం పడుతున్నామో కూడా తెలియదు.

చోటు ఖాళీ చేసే పనిని యంత్రానికే అప్పగించాలన్న ఈ ఆలోచన జాన్ మెకార్తీ అనే కంప్యూటర్ శాస్త్రవేత్తది. 1950ల చివర్లో అమెరికాలోని ఎంఐటీలో ఐబీఎం 704 యంత్రం మీద ఆయన లిస్ప్ భాషని తయారుచేస్తున్నారు. ఆ యంత్రం మహా అయితే 32,768 మాటల మెమరీని పట్టుకోగలదు. ఒక్కో మాటకి 36 బిట్లు, అంటే ఇప్పటి లెక్కలో మొత్తం 144 కిలోబైట్లు. వాట్సాప్‌లో వచ్చే ఒక మామూలు ఫొటోకి సరిపోతుందో లేదో! లిస్ప్‌లో లెక్క సాగుతున్నకొద్దీ చిన్న చిన్న జాబితాలు పుడుతూనే ఉంటాయి. ఒకే జాబితా ముక్కని నాలుగైదు జాబితాలు పంచుకుంటాయి. ఏది ఎప్పుడు వదిలేయాలో ప్రోగ్రాం రాసేవాడు చెప్పాలంటే అసలు లెక్క కంటే ఆ గుమాస్తాగిరీయే ఎక్కువైపోతుంది. అందుకని మెకార్తీ ఆ పనిని పూర్తిగా తీసేశారు. మెమరీ నిండేదాకా వాడుకుంటూ పోవడం, నిండినప్పుడు ఆగి, ఇంకా అందుబాటులో ఉన్నవాటికి గుర్తు పెట్టి, మిగిలినవన్నీ ఖాళీ జాబితాలో కలిపేయడం. 1960 ఏప్రిల్‌లో వచ్చిన ఆయన లిస్ప్ పరిశోధనాపత్రంలో ఈ పద్ధతి ఉంది.

లిస్ప్‌ని పరిశ్రమల ప్రతినిధుల ముందు మొదటిసారి నడిపి చూపించిన రోజున జరిగింది మెకార్తీయే తర్వాత రాశారు. ప్రదర్శన సాగుతుండగా మెమరీ నిండిపోయింది. గార్బేజ్ కలెక్టర్‌ని పిలిచామంటూ, దాని గణాంకాలు ఇవిగో అంటూ టైపు యంత్రం సెకనుకి పది అక్షరాల చొప్పున కొట్టుకుంటూ పోయింది. సభలో అప్పటిదాకా ఆ మాటే ఎవరూ ఎత్తలేదు. మిగిలిన సమయమంతా దానికే సరిపోయింది, చెప్పేవారూ వినేవారూ నవ్వు ఆపుకోలేకపోయారు. నిండిన మెమరీలోంచి యంత్రం తనంతట తాను చోటు చేసుకోవడం వాళ్ల కళ్ల ముందే జరిగింది.

మెకార్తీ 1962లో స్టాన్‌ఫర్డ్‌కి మారారు. అక్కడ ఆయన దగ్గర చేరిన విద్యార్థుల్లో ఒకరు శ్రీకాళహస్తి దగ్గర కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి. మద్రాసు గిండీ కాలేజీలో ఇంజినీరింగ్, ఆస్ట్రేలియాలో పైచదువు, 1966లో మెకార్తీ శిష్యుడిగా డాక్టరేటు. ఆయన పట్టుకున్నది మనిషి మాటని యంత్రానికి అర్థమయ్యేలా చేయడం. 1994లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. 2008లో మన పల్లెటూరి పిల్లల కోసం మొదలైన ట్రిపుల్ ఐటీల విశ్వవిద్యాలయానికి తొలి ఛాన్సలర్ ఆయనే. నూజివీడులో కూచుని గార్బేజ్ కలెక్టర్ గురించి చదివే విద్యార్థికి, దాన్ని కనిపెట్టినాయనకీ మధ్య ఉన్నది ఒక్క గురుశిష్య బంధమే దూరం.

ఇక అది పనిచేసే తీరు. మన కృష్ణా డెల్టాలో పుట్టినవారికి ఇది కాలువల్ని చూపించి చెబితే తేలిగ్గా ఎక్కుతుంది. ప్రకాశం బ్యారేజీ పక్కన సీతానగరం దగ్గర తలుపులు ఎత్తితే కృష్ణ నీళ్లు పశ్చిమ డెల్టా ప్రధాన కాలువలోకి వస్తాయి. దుగ్గిరాల దగ్గర ఆ కాలువ చీలి కొంత తెనాలి వైపు, కొమ్మమూరు కాలువగా కొంత బాపట్ల వైపు పోతుంది. వాటిలోంచి పిల్లకాలువలు, వాటిలోంచి బోదెలు. ఏ పొలం బతికి ఉందో తెలుసుకోవాలంటే పొలాల దగ్గర అడగక్కర్లేదు. తలుపుల దగ్గర మొదలుపెట్టి నీరు పోయిన ప్రతి దారీ పట్టుకుని వెళ్తే చాలు. నీరు తగిలిన మడికి గుర్తు పెట్టు. గుర్తు పడనిది బీడు. ప్రోగ్రాంలో ఆ తలుపులు ఏవంటే గ్లోబల్ వేరియబుల్స్, నడుస్తున్న ఫంక్షన్ల స్టాకు, ప్రాసెసర్ రిజిస్టర్లు. వీటిని రూట్లు అంటారు. వీటిలోని పాయింటర్లు పట్టుకుని ఆబ్జెక్టులకి, ఆ ఆబ్జెక్టుల్లోని పాయింటర్లు పట్టుకుని ఇంకా లోపలికి వెళ్తుంది కలెక్టర్. తగలనిది చెత్త.

1960లోనే జార్జ్ కాలిన్స్ వేరే దారి చూపారు. ప్రతి ఆబ్జెక్టు దగ్గరా దాన్ని ఎంతమంది పట్టుకుని ఉన్నారో ఒక లెక్క ఉంచడం, లెక్క సున్నా కాగానే వదిలేయడం. ఇప్పటి పైథాన్ ముఖ్యంగా నడిచేది ఈ పద్ధతి మీదే. నిండేదాకా ఆగక్కర్లేదు, పని అయిన వెంటనే చోటు ఖాళీ. ఒక పెద్ద లోపం ఉంది. ప్రధాన కాలువతో తెగిపోయిన రెండు గుంటలు ఒకదానిలోకి ఒకటి నీళ్లు వదులుకుంటూ ఉంటే, లెక్క ప్రకారం రెండిటికీ నీళ్లు అందుతున్నట్టే. రెండు ఆబ్జెక్టులు ఒకదాన్నొకటి పట్టుకుంటే వాటి లెక్క ఎన్నటికీ సున్నా కాదు. అందుకే 2000లో వచ్చిన పైథాన్ 2.0లో ఇలాంటి వలయాల్ని వెతికే కలెక్టర్‌ని విడిగా చేర్చాల్సి వచ్చింది.

జావా, సీ షార్ప్ కలెక్టర్లు ఇంకో అడుగు ముందుకేస్తాయి. బతికున్నవాటికి గుర్తు పెట్టి ఊరుకోవు, వాటిని వేరే చోటికి కాపీ చేసి పక్కపక్కనే సర్దుతాయి. సర్దకపోతే మెమరీ నిండా చిన్న చిన్న సందులు మిగిలి, మొత్తం మీద చోటున్నా పెద్ద ముక్క అడిగినప్పుడు దొరకదు. ఈ కాపీ పద్ధతిని 1970లో సి.జె. చెనీ చాలా పొందికగా రాసి చూపించారు. కదిలించిన ఆబ్జెక్టు పాత చోట కొత్త అడ్రసు రాసిపెడతారు. దాన్ని పట్టుకున్న ఇంకో పాయింటర్ ఎదురైనప్పుడు, ఆ రాత చూసి పాయింటర్‌ని దిద్దుతారు. పని పూర్తయ్యేసరికి తెలిసిన పాయింటర్లన్నీ కొత్త అడ్రసుల్ని చూపిస్తుంటాయి. ప్రోగ్రాంకి ఏమీ తెలియదు.

తెలిసిన పాయింటర్లన్నీ అన్న మాట దగ్గరే ఈ వ్యాసం అసలు సంగతి ఉంది. కలెక్టర్ ఇచ్చే హామీ తనకి కనపడే అడ్రసుల వరకే. కనపడని అడ్రసు ఎవరి దగ్గరైనా ఉంటే ఆ ఆబ్జెక్టుని చెత్తగా ఎంచి వదిలేయవచ్చు, లేదా దాన్ని కదిలించి ఆ పాత అడ్రసుని దిద్దకుండా పోవచ్చు. అప్పుడు సీ భాషలో ఏ కష్టం నుంచి తప్పించుకుని వచ్చామో అదే మళ్లీ మొదలవుతుంది, ఈసారి వెతకడం మరీ కష్టం. సీలో అయితే ఫ్రీ అని మనమే రాసిన లైను ఒకటుంటుంది. ఇక్కడ ఆ లైనే ఉండదు.

గో భాష చూడండి. గూగుల్ 2009లో విడుదల చేసింది, ఇందులో పాయింటర్లు బాహాటంగానే ఉన్నాయి, కలెక్టరూ ఉంది. మామూలు పాయింటర్లతో ఏ భయమూ లేదు, వాటితో కూడికలు చేయనివ్వరు. అలాంటి కూడిక తప్పనిసరైతే అన్‌సేఫ్ అనే ప్యాకేజీ ఉంది. దానితో పాయింటర్‌ని యూఇంట్‌పీటీఆర్ అనే పూర్ణాంకంగా మార్చి, ఎనిమిదో పదహారో కలిపి, మళ్లీ పాయింటర్‌గా మార్చవచ్చు. ఈ మూడు పనులూ ఒకే వ్యక్తీకరణలో, మధ్యలో ఆపకుండా చేయాలన్నది నియమం. చాలామందికి ఇది చాదస్తంగా కనిపిస్తుంది. పూర్ణాంకాన్ని ఒక వేరియబుల్‌లో దాచి, కింది లైనులో పాయింటర్‌గా మారిస్తే తేడా ఏమిటి? ఆ రెండు లైన్ల మధ్య ఆ అడ్రసు కలెక్టర్ దృష్టిలో వయసులాంటిదో ధరలాంటిదో ఒక అంకె, అంతే. ఆ క్షణంలో కలెక్టర్ వస్తే ఆబ్జెక్టుని ఎవరూ పట్టుకుని లేరని తేల్చేయవచ్చు. ఇంకొకటి, 2014లో వచ్చిన గో 1.3 నుంచి స్టాకు చాలనప్పుడు దాన్ని మొత్తంగా పెద్ద చోటికి మార్చేస్తారు. స్టాకు మీది పాయింటర్లని దిద్దుతారు, అంకెల్ని దిద్దరు. అంకెలో దాచిన అడ్రసు ఖాళీ చేసిన పాత స్టాకునే చూపిస్తుంటుంది.

ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూల్లో అడిగే ఎక్సార్ లింక్డ్ లిస్టు కూడా ఇలాంటిదే. ముందు నోడు అడ్రసునీ వెనక నోడు అడ్రసునీ ఎక్సార్ అనే బిట్ల లెక్కతో కలిపి ఒకే చోట దాచడం. సీలో అది నిజంగా తెలివైన పొదుపు. కలెక్టర్ ఉన్నచోట అది ప్రమాదం, ఎందుకంటే వచ్చే అంకె ఏ అడ్రసూ కాదు. 1988లో హాన్స్ బోమ్, మార్క్ వైజర్ సీ ప్రోగ్రాంలకి కూడా పనికొచ్చే కలెక్టర్‌ని తయారుచేశారు. ఏది పాయింటరో ఏది అంకో సీ చెప్పదు కాబట్టి, అడ్రసులా కనిపించే ప్రతిదాన్నీ అడ్రసనే అనుకుంటుందది. యూనిటీ గేమ్ ఇంజిన్ ఇప్పటికీ దాన్ని వాడుతోంది. అంత అనుమానంగా చూసే కలెక్టర్ కూడా ఎక్సార్‌లో మునిగిన అడ్రసుని కనిపెట్టలేదు.

ఆండ్రాయిడ్ రాసేవారు 2011లో ఈ పాఠం నేర్చుకున్నారు. జావా కోడు సీ కోడుని పిలిచినప్పుడు ఆబ్జెక్టుల్ని లోకల్ రెఫరెన్సులుగా అందిస్తుంది. ఆ పిలుపు ముగిసేదాకే అవి చెల్లుతాయి. తర్వాత కూడా కావాలంటే గ్లోబల్ రెఫరెన్సు తీసుకోవాలి, పని అయ్యాక వదిలేయాలి. చాలామంది లోకల్‌నే స్టాటిక్ వేరియబుల్‌లో దాచుకున్నారు. అప్పటి ఆండ్రాయిడ్‌లో ఆ రెఫరెన్సు నేరుగా అడ్రసే, కలెక్టర్ దేన్నీ కదిలించేది కాదు, కాబట్టి తప్పు కోడు కూడా నడిచిపోయేది. ఆండ్రాయిడ్ 4.0లో రెఫరెన్సుల్ని అడ్రసులుగా కాకుండా ఒక పట్టికలోని వరుస సంఖ్యలుగా మార్చారు. కలెక్టర్‌కి ఆబ్జెక్టుల్ని కదిలించే వీలు ఇవ్వడానికే ఈ మార్పు. అప్పటిదాకా నడిచిన ఆ తప్పు కోడు కొత్త పద్ధతి కింద కుప్పకూలింది. నడిచినంత మాత్రాన సరైన కోడు కాదని ఇంతకంటే బాగా చూపించే ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇప్పుడు మనకి దగ్గరలో ఉన్న పని ఒకటి తీసుకుందాం. రేపల్లె, నిజాంపట్నం వైపు రొయ్యల చెరువుల్లో తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, ఏరియేటర్లు వేయాలి. ఒక విద్యార్థి రాస్ప్‌బెర్రీ పై బోర్డుకి ఆక్సిజన్ సెన్సరు తగిలించి, పైథాన్‌లో ప్రోగ్రాం రాస్తున్నాడనుకోండి. సెన్సరు కంపెనీ ఇచ్చింది సీ లైబ్రరీ. రీడింగ్ వచ్చినప్పుడల్లా పిలవడానికి ఒక ఫంక్షన్ ఇవ్వమంటుంది. సీటైప్స్ అనే మాడ్యూలుతో తన పైథాన్ ఫంక్షన్‌ని సీకి అర్థమయ్యే తొడుగులో పెట్టి, ఆ తొడుగుని అక్కడికక్కడే తయారుచేసి లైబ్రరీకి అందించాడు. అందించే ఫంక్షన్ ముగిసింది. ఆ తొడుగుని పైథాన్ వైపు ఎవరూ పట్టుకుని లేరు. లెక్క సున్నా, పైథాన్ దాన్ని వదిలేసింది. సీ లైబ్రరీ దగ్గర మాత్రం దాని అడ్రసు ఉంది, ఆ సంగతి పైథాన్‌కి కనపడదు.

మొదటి రీడింగులు బాగానే రావచ్చు, ఆ చోటులోకి ఇంకేమీ చేరలేదు గనుక. ల్యాబులో పరీక్షించినప్పుడూ బాగానే ఉంటుంది. చెరువు గట్టు మీద రాత్రంతా నడిచాక, ఆ చోటు దేనికో కేటాయించాక, సెన్సరు పిలుపు పిచ్చి బైట్ల మీదికి వెళ్లి ప్రోగ్రాం చచ్చిపోతుంది. ఏరియేటర్లు తిరగాల్సిన వేళకి చెప్పేవాడు లేడు. దిద్దుబాటు ఒక్క లైను. తొడుగుని ప్రోగ్రాం నడిచినంతసేపూ ఉండే వేరియబుల్‌లోనో, సెన్సరు ఆబ్జెక్టులోనే ఒక ఫీల్డుగానో పెట్టాలి. సీటైప్స్ పత్రాల్లో ఈ హెచ్చరిక స్పష్టంగా ఉంది. పైథాన్‌లో పాయింటర్లు లేవని నమ్మినవారు ఆ పేజీ తెరవరు, నా బాధ అదే.

కదిలించే కలెక్టర్ ఉన్నచోట పట్టుకుని ఉండటం ఒక్కటే చాలదు, కదలకుండా కూడా చూడాలి. సీ షార్ప్‌లో ఫిక్స్‌డ్ అనే బ్లాకు ఇందుకే. దాని లోపల ఉన్నంతసేపూ ఆ ఆబ్జెక్టుని కదిలించవద్దని కలెక్టర్‌కి చెబుతుంది. దీన్ని పిన్ చేయడం అంటారు. పిన్ చేసి చాలాసేపు వదిలేస్తే మాత్రం సర్దుబాటుకి అవే అడ్డం పడతాయి. అందుకని 2020లో సీ షార్ప్ నడిచే డాట్‌నెట్ 5 వచ్చినప్పుడు పిన్ చేసి ఉంచాల్సినవాటికి విడిగా ఒక హీపు, అంటే మెమరీలో వేరే ప్రాంతం, ఇచ్చారు. గోలో 2016లో వచ్చిన 1.6 నుంచి నియమం కచ్చితమైంది. సీకి ఇచ్చిన గో పాయింటర్‌ని పిలుపు ముగిశాక సీ దాచుకోకూడదు. దాచుకోవాల్సిన అవసరమే వస్తే 2023లో 1.21తో వచ్చిన పిన్నర్ ఉంది.

ఇంకా సూక్ష్మమైనది ఒకటుంది, ఇందులో అడ్రసు కూడా లేదు. ఒక ఆబ్జెక్టు లోపల ఫైలు నంబరు ఉంది. ఆబ్జెక్టు చెత్త అయినప్పుడు ఆ ఫైలుని మూసేయమని ఫైనలైజర్ పెట్టాం. ఆ నంబరుని బయటికి తీసి, దానితో ఆపరేటింగ్ సిస్టమ్‌ని చదవమన్నాం. కంపైలర్ చూపులో ఆబ్జెక్టుతో పని నంబరు తీసిన క్షణానికే అయిపోయింది. చదవడం ఇంకా సాగుతుండగానే కలెక్టర్ వచ్చి ఫైలు మూసేయవచ్చు. అంతకంటే ఘోరం, అదే నంబరు ఈలోగా తెరిచిన ఇంకో ఫైలుకి రావచ్చు, మనం ఎవరిదో ఫైలు చదువుతూ ఉంటాం. గో 1.7లో చేర్చిన కీప్‌అలైవ్ అనే ఫంక్షన్ చేసే పనంతా ఏమిటంటే, ఈ లైనుదాకా ఇది నాకు కావాలి అని చెప్పడం. చదివే లైను తర్వాత దాన్ని రాస్తే సరిపోతుంది.

వీటన్నిటికీ ముందు అడగాల్సిన ప్రశ్న, అసలు అడ్రసు అవతలికి ఇవ్వాలా అని. సెన్సరు రీడింగ్ ఎనిమిది బైట్లు. పేరు ఇరవై బైట్లు. వీటిని కాపీ చేసి ఇస్తే పోయేది ఏమీ లేదు, ఎవరి చోటు వారిది, ఎవరిది వారు వదులుకుంటారు. వేగం కోసం అని చెప్పి అడ్రసులు పంచుకునే ముందు కాపీకి ఎంత సమయం పడుతోందో కొలిచి చూడాలి. వీడియో ఫ్రేములో పెద్ద మాత్రికలో అయితే పంచుకోవడం న్యాయమే. అప్పుడు కూడా ఆ సరిహద్దు దాటే కోడంతా ఒకే ఫైల్లో ఉంచి, అవతలివారు ఆ అడ్రసుని ఎప్పటిదాకా వాడతారో పక్కనే కామెంటుగా రాయడం మంచిది. గో 1.14 నుంచి రేస్ డిటెక్టర్‌తో నడిపితే అన్‌సేఫ్ పాయింటర్ల మార్పిడుల్లో కొన్ని తప్పుల్ని అక్కడికక్కడే పట్టిస్తుంది. సీ వైపు కోడుకి అడ్రస్ శానిటైజర్ ఉంది. వదిలేసిన చోటుని ముట్టుకోగానే ప్రోగ్రాంని ఆపి, ఎక్కడ ముట్టుకున్నామో, ఎక్కడ వదిలేశామో, మొదట ఎక్కడ తీసుకున్నామో మూడూ చూపిస్తుంది. కాకపోతే ఇవి ఆ పరుగులో నిజంగా జరిగిన తప్పునే పట్టుకుంటాయి. కలెక్టర్ ఆ క్షణంలో రాకపోతే తప్పు జరగనే జరగదు. కాబట్టి పరీక్షించేటప్పుడు అనుమానమున్న లైను దగ్గర కలెక్టర్‌ని మనమే పదేపదే పిలవాలి. పైథాన్‌లో, గోలో, జావాలో, సీ షార్ప్‌లో ఆ పిలుపుకి ఒక్క లైను చాలు.